ముప్పైకి ఇరవై మూడు

చిత్తూరు,
18 జూన్ 2023, ఆదివారం

చిరంజీవి లోకేశ్వరికి,

అవ్వ ఫోను ఎత్తడం లేదని మీ అమ్మకు ఫిర్యాదు చేశావట. ఎత్తను. ఫోను మోగిందంటే మీ తాత కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంటారు. మాట్లాడేది తన గురించేనని ఆ మాత్రం తెలుస్తుంది. "ఎవరికి నా మీద చాడీలు చెప్తుండావు పంకజం?" అంటారు. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే. నువ్వూ ఉత్తరమే రాయి. పుణెలో పోస్టాఫీసు లేదని మాత్రం చెప్పకు.

నువ్వు చెప్పిన కొత్త మందు ప్రయోగం కోసం బుధవారం ఆయన్ని తిరుపతి ఆస్పత్రికి తీసుకువెళ్లాను. బస్టాండులో ఆయన నేరుగా డ్రైవరు దగ్గరికి పోయి, "నాలుగు నిమిషాలు లేటు. ఇంకా ఈడనే ఉండావేమప్పా?" అని నిలదీశారు. ముప్పై ఒక్క సంవత్సరాలు చిత్తూరు డిపోలో బస్సులకు వేళ చూసి పంపిన టైంకీపరు. అది పోలేదు. పొద్దున ఇడ్లీ తిన్న సంగతి పోయింది.

డాక్టరు పేరు రవిచంద్ర. నెమ్మదస్తుడు. చెప్పిందంతా పుస్తకంలో రాసుకున్నాను, తప్పుంటే దిద్దు. ఈ అల్జీమర్స్ జబ్బులో మెదడులో ఒక ప్రొటీను ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. మందు ఆ ముద్దలను తొలగించాలి. నాలుగు వారాలకు ఒకసారి సెలైనులో కలిపి ఎక్కిస్తారు. ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి ఉత్త సెలైను. ఎవరికి ఏది పడిందో డాక్టరుకు కూడా తెలియదు. ఏడాదిన్నర తర్వాత మిగిలినవాళ్లందరికీ అసలు మందే ఇస్తారు.

చేర్చుకునే ముందు పరీక్ష ఉంది. అమల అనే అమ్మాయి పెట్టింది. ముప్పై మార్కులకు. తేదీ, వారం, ఊరు, వందలోంచి ఏడేసి తీసివేయడం, ఐదు మాటలు చెప్పి కాసేపటికి మళ్లీ అడగడం. తర్వాత గడియారం బొమ్మ గీయమంది. మీ తాత పన్నెండు అంకెలూ ఒకే పక్కన కుక్కేశారు. ముల్లు ఒకటే పెట్టారు. నేను గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయాను.

పద్దెనిమిది వచ్చాయి. ఇరవై కావాలి. ముందురోజు ఆయనకు జ్వరమని చెప్పాను. నిజంగానే ఉంది, నూటొకటి. అయితే జులై 5న మరొక్క అవకాశం ఇస్తామన్నారు.

పక్కింటి వెంకటముని వచ్చి, పుత్తూరు తీసుకుపోయి తలకు ఒక కట్టు కట్టించమన్నాడు. విరిగింది ఎముక కాదని చెప్పి పంపించాను.

నువ్వు ఆ జబ్బు మీదే ఎలుకలతో పని చేస్తున్నావు గనుక సూటిగా అడుగుతున్నాను. ఈ మందు వల్ల ఎంత మేలు? అంకె చెప్పు. ధైర్యవచనాలు వద్దు.

ఇట్లు,
మీ అవ్వ పంకజాక్షి


పుణె,
27 జూన్ 2023

అవ్వా,

నీ ఉత్తరాన్ని మా ల్యాబులో అందరికీ చూపించాను. చదవడం రాకపోయినా, గీత గీసినట్టున్న నీ దస్తూరి చూసి ఇది అచ్చా, చేతిరాతా అని అడిగారు.

అంకె అడిగావు. ఈ జాతి మందులు ఒకటి రెండు బయటి దేశాల్లో వాడుకలోకి వచ్చాయి. అవి జబ్బును ఆపవు, పోయింది తిరిగి తేవు. దిగజారే వేగాన్ని ఏడాదిన్నరలో సుమారు పాతిక నుంచి ముప్పై శాతం తగ్గిస్తాయి. అది కూడా జబ్బు మొదట్లో ఉన్నవాళ్లలో. కొందరికి మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వస్తాయి, అందుకే మాటిమాటికీ స్కాన్లు తీస్తారు. తాతకు ఇవ్వబోయేది ఇంకా కొత్తది, అది ఎంత చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే ఈ ప్రయోగం.

ఆ మార్కులు చాలా ముఖ్యం అవ్వా. మూడు నెలలకొకసారి అదే పరీక్ష పెడతారు. వాటిని బట్టే మందు ఉంచాలా తీసెయ్యాలా అన్నది తేలుతుంది.

తాతను బతిమాలి తీసుకుపో, గదమాయించకు. నేను నాలుగో ఎక్కం తప్పు చెప్పినందుకు నువ్వు నన్ను ఎండలో నిలబెట్టిన సంగతి నాకు ఇంకా గుర్తుంది.

నీ
లోకా


చిత్తూరు,
6 ఆగస్టు 2023, ఆదివారం

చిరంజీవి లోకేశ్వరికి,

నిన్ను ఎండలో నిలబెట్టలేదు. వేపచెట్టు నీడలో నిలబెట్టాను. అది కూడా ఏడో ఎక్కానికి. రాసేటప్పుడు సరిచూసుకుని రాయి.

జులై 5న మీ తాతకు ఇరవై రెండు వచ్చాయి. చేర్చుకున్నారు. స్కాను, రక్తపరీక్షలు అయ్యాయి. ఒప్పందం కాగితాలు పద్నాలుగు పేజీలు, అన్నీ చదివాను. తొమ్మిదో పేజీలో "మూత్రపిండాలు" అన్న మాట తప్పు అచ్చయింది, దిద్ది ఇచ్చాను. సంతకం ఆయనే పెట్టారు. కింద రెండు చుక్కలతో సహా, ఎప్పటిలాగే.

ఆగస్టు 2న మొదటి మందు ఎక్కించారు. ఆయన చుక్కలు చూస్తూ, "బండి శానా స్లోగా పోతాండాది, డ్రైవరు కొత్తోడా?" అన్నారు. నర్సు నవ్వి కొంచెం వేగం పెంచింది. సాయంత్రం తలనొప్పి అన్నారు. తలనొప్పి వచ్చిందంటే అది అసలు మందే అయి ఉండాలి. ఉత్త ఉప్పునీళ్లకు తల ఎందుకు నొస్తుంది?

పద్దెనిమిది వచ్చిన మర్నాటి నుంచీ రోజూ కాఫీ తర్వాత గంటసేపు కూర్చోబెట్టి తేదీ, వారం, తీసివేతలు, గుర్తుపెట్టుకోవలసిన మాటలు అన్నీ చెప్పిస్తున్నాను. పబ్లిక్ పరీక్షల ముందు మా బడి పిల్లలకు చేసినట్టే. మొదట్లో గునిసారు.

"రిటైరై ఇరవై ఏండ్లాయె. నాకేం పరీక్షలు పంకజం?"

"మీకు కాదు. నా కోసం" అన్నాను.

"నీ కోసమా? అట్లయితే అడుగు" అన్నారు.

బాగా ఒప్పచెప్పినరోజు ఒక వేరుశనగ ఉండ ఇస్తాను. తప్పులైతే మళ్లీ మొదటినుంచీ.

ఇట్లు,
అవ్వ


పుణె,
19 ఆగస్టు 2023

అవ్వా,

వేపచెట్టు ఒప్పుకుంటున్నాను. ఎక్కం మాత్రం నాలుగే.

ఇరవై రెండా! అమ్మ నిన్న రేణిగుంట నుంచి ఫోను చేసి గంటసేపు అదే మాట్లాడింది. తలనొప్పిని బట్టి ఏమీ చెప్పలేమవ్వా, ఉత్త సెలైనుకూ వస్తుంది. కానీ నువ్వు అట్లా అనుకోవడం నాకు బాగుంది, అనుకో.

రోజూ కూర్చోబెట్టి చెప్పించడం చాలా మంచి పని. మెదడుకు పని ఇస్తూనే ఉండాలి. ఎట్టి పరిస్థితిలోనూ మానకు.

ఇక్కడా మంచి కబురే. నీళ్లతొట్టిలో ఒకచోట అడుగున చిన్న మెట్టు దాచి ఎలుకలను వదులుతాం. జబ్బు ఎలుకలు మెట్టు ఎక్కడో మరిచిపోయి చుట్టూ ఈదుతూనే ఉంటాయి. మేము మందు ఇచ్చినవి మూడో రోజుకే దారి పట్టాయి. నేను గడియారం పట్టుకుని ఏడ్చాను. చూసినవాళ్లు ఎలుక చచ్చిపోయిందనుకున్నారు.

నీ
లోకా


చిత్తూరు,
21 జనవరి 2024, ఆదివారం

చిరంజీవి లోకేశ్వరికి,

అక్టోబరులో ఇరవై రెండు. మొన్న బుధవారం ఇరవై మూడు. డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చూశారు. అదే నెలలో చేరిన మిగతావాళ్లకు ఒకటో రెండో తగ్గాయట. అమల మీ తాత భుజం తట్టి, "మా క్లాసుకు నువ్వే ఫస్టు తాతా" అంది. ఆయనకు ఏం అర్థమైందో గానీ లేచి నమస్కారం పెట్టారు.

నీకు చెప్పకూడనిదేముంది. ఇది మందు ఒక్కదాని పని కాదు. ఆ పరీక్షకు ప్రశ్నపత్రాలు మూడే, వాటినే తిప్పి తిప్పి ఇస్తారు. మొదటిసారి తర్వాత నన్ను లోపల కూర్చోనివ్వలేదు గానీ, పరీక్ష గదికి సగం ఎత్తు చెక్క అడ్డే ఉంది. ఇవతల బెంచీ మీద కూర్చుంటే అన్నీ వినపడతాయి. మూడూ నా పుస్తకంలోకి ఎక్కాయి. మొదటి దాంట్లో గొడుగుతో మొదలయ్యే ఐదు మాటలు, రెండో దాంట్లో చింతపండు, మూడో దాంట్లో గాజులు. మొదటి మాట వినగానే మిగిలిన నాలుగూ వాటంతట అవే వచ్చేదాకా చెప్పించాను. గడియారం రోజుకు ఇరవైసార్లు గీస్తారు. ఇప్పుడు ముళ్లు రెండూ పెడతారు.

ఇంట్లో సంగతులు కూడా రాయాలి గనుక రాస్తున్నాను. డిసెంబరు 9 నుంచి బాత్రూము తలుపు గుర్తుపట్టడం లేదు. చొక్కా తిరగేసి తొడుక్కున్నది ఈ నెలలో పదకొండుసార్లు. మీ అమ్మ వస్తే "ఎవరి బిడ్డవమ్మా?" అన్నారు. అది వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడింది. ఇవేవీ పరీక్షలో రావు గనుక వీటి మీద సమయం పెట్టడం లేదు. ఇంట్లో ఎట్లా ఉన్నారని నాకూ ఒక కాగితం ఇచ్చి నింపమంటారు. అందులో ఒక్కొక్కదానికి ఒక మెట్టు పైనే వేశాను. మార్కులు తగ్గితే మందు తీసేస్తారని నువ్వే రాశావు కదా. తీయనివ్వను.

ఇట్లు,
అవ్వ


పుణె,
2 ఫిబ్రవరి 2024

అవ్వా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. భయంతో రాస్తున్నాను.

మార్కులు తగ్గితే తాతకు మందు ఆపరు. నేను రాసింది అది కాదు. ఆ మందు ముందు ముందు లోకంలో ఉండాలా వద్దా అన్నది అందరి మార్కులూ కలిపి చూసి తేలుస్తారని రాశాను. ఇరవై దాటాలన్నది ఒక్క చేరేరోజుకే. తర్వాత పది వచ్చినా ఐదు వచ్చినా ఆయనకు ఇస్తూనే ఉంటారు. అవ్వా, అది పరీక్ష కాదు, థర్మామీటరు. నువ్వు దాన్ని రోజూ చన్నీళ్లలో ముంచి జ్వరం లేదంటున్నావు.

తాతకు పడింది ఉత్త సెలైను అయితే, ఉత్త సెలైనుతోనే బాగుపడ్డాడని లెక్కలోకి ఎక్కుతుంది. అసలు మందు అయితే, లేని మహిమ దానికి అంటుతుంది. ఇంకా ముఖ్యం, ఆయనకు మెదడులో వాపు వస్తే మొదట తెలిసేది తికమక పడటం వల్లే. నువ్వు దాన్నే దాచిపెడుతున్నావు.

తప్పులో నాకూ భాగం ఉంది. ఏం చెప్పిస్తున్నావో అడక్కుండా మానొద్దన్నాను. ఊరికే పేపరు చదివించినట్టు అనుకున్నాను.

రేపే పోయి రవిచంద్రగారికి ఉన్నదున్నట్టు చెప్పు. నేను కూడా వస్తాను, సెలవు పెడతాను. ఒక్క మాట రాయి.

లోకా


చిత్తూరు,
11 ఫిబ్రవరి 2024, ఆదివారం

లోకేశ్వరికి,

చెప్పను.

నీకు లెక్క ముఖ్యం. నాకు మనిషి. చెబితే ఆయన్ని తీసేస్తారు. ఇంక ఏడాది ఓపిక పడితే అందరికీ అసలు మందు అన్నారు. ఆ రోజు దాకా ఆయన్ని ఆ కుర్చీలో ఉంచడం నా పని. మీ మందు మంచిదో కాదో తేల్చడానికి లోకంలో ఇంకా వేలమంది ఉన్నారట. నాకు ఉన్నది ఒక్కడు.

ముప్పై ఎనిమిది సంవత్సరాలు లెక్కలు చెప్పినదాన్ని. థర్మామీటరంటే ఏమిటో నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. పోయి నీ ఎలుకలకు చెప్పుకో.

సెలవు పెట్టి రావద్దు. తలుపు తీయను.

పంకజాక్షి


పుణె,
28 ఏప్రిల్ 2024

అవ్వా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. వాటిలో మళ్లీ అదే రాశాను గనుక నువ్వు చింపేసి ఉంటావు. ఇందులో అది రాయడం లేదు.

రవిచంద్రగారి నంబరు నా దగ్గర ఉంది. ఒక్క ఫోనుతో అయిపోతుంది. మూడు నెలల నుంచి చెయ్యలేదు. మొదట నీ మీద గౌరవం అనుకున్నాను. కాదు. ఏప్రిల్ పరీక్షలో కూడా ఇరవై రెండు వచ్చాయని అమ్మ చెప్పినప్పుడు, అవి ఎట్లా వచ్చాయో తెలిసి కూడా ఒక్క నిమిషం సంతోషపడ్డాను. నీకు చెప్పిన నీతులు ఆ నిమిషం నాకు గుర్తులేవు. అసలు మందు దొరికే రోజు దాకా ఎవరికీ తెలియకపోతే బాగుండునని నేనూ అనుకున్నాను.

తాత ఎట్లా ఉన్నాడో అది మాత్రం రాయి. మార్కులు వద్దు.

లోకా


చిత్తూరు,
7 జులై 2024, ఆదివారం

చిరంజీవి లోకేశ్వరికి,

నీ ఉత్తరాలు చింపలేదు. మూడూ పెట్టెలో ఉన్నాయి.

బుధవారం, జులై 3న, పరీక్ష. అమల, "తాతా, ఈ దినం ఏ వారం?" అంది. మీ తాత లేచి చేతులు కట్టుకుని మొదటి పత్రం మాటలు, రెండో పత్రం మాటలు, మూడో పత్రం మాటలు, పదిహేనూ వరసగా ఒప్పచెప్పారు. ఒక్క తప్పు లేదు. అమల నవ్వబోయి ఆగింది. ఆయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"చేతులెందుకు దాచిపెట్టుకుంటావు తాతా?"

"టీచరమ్మ కొడతాది."

చెక్క అడ్డుకు ఇవతల నేను అంతా విన్నాను.

మే 21, మంగళవారం, స్కేలుతో ఆయన చేతిమీద కొట్టాను. గట్టిగా కాదు. అయితే కొట్టాను. గాజులు తర్వాతి మాట ఆరోసారి కూడా చెప్పలేదు, అప్పటికి ఎండ ముదిరింది, ఆయన స్నానం కాలేదు, పక్క తడిపారు. ఆయన చేతి వైపు చూసుకుని, తర్వాత నా వైపు చూసి, "ఇంటికి పోతా టీచరమ్మా" అన్నారు. నా పుస్తకంలో ఆ తేదీ దగ్గర "15కి 11" అని మాత్రమే ఉంది.

అమల అడగకముందే నేనే లేచి డాక్టరు గదిలోకి పోయి పుస్తకం బల్లమీద పెట్టాను. చెప్పవలసిందంతా నిలబడే చెప్పాను. ఒకప్పుడు జాకెట్టులో చీటీ పెట్టుకున్నదని పదో తరగతి పిల్లను పరీక్ష హాలు నుంచి బయటికి పంపించాను. "ఈ ఒక్కసారికి టీచర్" అని అది నా కొంగు పట్టుకుంది. డాక్టరు ముందు అదే మాట నా నోటిదాకా వచ్చింది. మింగాను.

డాక్టరు కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. "మొదటిసారి వచ్చిన పద్దెనిమిదే అసలు మార్కులమ్మా. చేర్చుకోకూడని మనిషిని మేం చేర్చుకున్నాం" అన్నారు. పేరు తీసేశారు. పన్నెండుసార్లు ఎక్కించారు, పదమూడోది లేదు. చివర్లో ఇస్తామన్న అసలు మందూ లేదు. స్కాను మాత్రం ఇంకొకసారి తీసి వాపు లేదని చెప్పి పంపారు. బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. కండక్టరు పక్కన కూర్చున్నారు.

ఇంటికి వచ్చి పుస్తకాలన్నీ తిరగేశాను. జూన్ నుంచి ఈ జులై దాకా మూడు పుస్తకాలు. ఏ రోజు ఎన్ని మాటలు చెప్పారో ఉంది. ఎన్ని గడియారాలు గీశారో ఉంది. నన్ను పంకజం అని పిలవడం ఏ రోజు మానేశారో లేదు. మార్చిలోనా? అంతకు ముందేనా? మీ అమ్మను అడిగితే దానికీ తెలియదు. అన్నీ రాసుకున్నాను, అది రాసుకోలేదు.

నువ్వు చెప్పిందే సరి. అయితే నువ్వు చెప్పినందుకు పోయి చెప్పలేదు. అది కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ఇట్లు,
అవ్వ


పుణె,
3 ఫిబ్రవరి 2025

అవ్వా,

అమ్మ ఫోనులో చెప్పబోతే వద్దని, నేనే రాస్తానన్నాను.

ఆ ప్రయోగం ఆపేశారు. అన్ని ఊళ్ల లెక్కలూ కలిపి చూస్తే మందు పడినవాళ్లూ ఉత్త సెలైను పడినవాళ్లూ ఒకే వేగంతో దిగజారారు. విచిత్రం ఏమిటంటే, మందు తన పని తాను చేసింది. స్కానుల్లో ముద్దలు తగ్గాయి. మనుషులు మాత్రం తిరిగి రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మేమూ చెప్పలేం. తాత లెక్కను వాళ్లు పక్కన పెట్టారు, ఆయన వల్ల ఇది మారలేదు. దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోవద్దు.

రవిచంద్రగారు అమ్మకు ఇంకొకటి చెప్పారట. తాతకు పడింది అసలు మందే. పన్నెండుసార్లూ.

ఇంకేదైనా ప్రయోగం ఉందా అని నువ్వు అడగలేదు, నేనే వెతికాను. వేరే ప్రొటీను మీద పనిచేసేవి, వాపు తగ్గించేవి, రకరకాలు నడుస్తున్నాయి. తాత ఉన్న దశలో ఏ ఒక్కటీ తీసుకోదు. పది ఉత్తరాలు రాసి అడిగాను. జవాబిచ్చినవాళ్లంతా మర్యాదగానే చెప్పారు.

ఇక్కడ నీళ్లతొట్టి అట్లాగే ఉంది. రోజూ పోతాను, టైము రాస్తాను. ఎలుకలు బాగుపడుతూనే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఏడుపు రావడం లేదు.

నిన్ను ఈ దారిలో పెట్టింది నేనే. ఏం చెప్పి క్షమించమనాలో తెలియడం లేదు. మార్చి మొదటివారంలో వస్తున్నాను. ఈసారి తలుపు తియ్యి.

లోకా


చిత్తూరు,
16 ఫిబ్రవరి 2025, ఆదివారం

చిరంజీవి లోకేశ్వరికి,

క్షమాపణలు వద్దు. నువ్వు దారి చూపించావు, నడిచింది నేను. ఉత్త సెలైను అని ఉంటే దాని మీద వేసి ఊరుకునేదాన్ని. అసలు మందే అన్నావు. ఇంక ఎవరిమీద వేయడానికీ ఏమీ మిగల్లేదు. ఈ ఉత్తరంలో ఆ మాట ఇంతటితో సరి.

నువ్వు వచ్చే ముందు ఇంటి సంగతి తెలిసి ఉండాలి.

దీపావళి నుంచి మీ తాత నన్ను గదిలోకి రానివ్వడం లేదు. నా అడుగుల చప్పుడు వినగానే మంచం పక్కన గోడకు ఆనుకుని నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంటారు. పుస్తకాలు, స్కేలు, పలక అన్నీ ఎత్తి అటక మీద పెట్టించాను. అయినా అంతే. మీ అమ్మ వచ్చి పది రోజులు ఉండి అన్నం పెట్టింది. దాని చేతిది కూడా సగమే. తర్వాత దాని ఉద్యోగం, దాని ఇల్లు. ఒక ఆయాను పెట్టి చూశాం, ఆమెను కొరికారు. నాలుగు కిలోలు తగ్గారు.

జనవరిలో ఒక రోజు నేను తలంటుకుని, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కుంటూ ఆయన గది ముందు నుంచి పోయాను. లోపలి నుంచి, "సంతోషమ్మా, బువ్వ అయిందా?" అన్నారు. సంతోషమ్మ డిపోలో క్యాంటీను నడిపిన మనిషి. పన్నెండేళ్ల కిందటే పోయింది. నేను కదలకుండా నిలబడ్డాను. "అయింది" అన్నాను. తట్టలో అన్నం తెచ్చి పెట్టాను. అంతా తిన్నారు.

అప్పటి నుంచి రోజూ మూడు పూటలు తలకు తువ్వాలు చుట్టుకుని, అద్దాలు తీసి పోతున్నాను. మాట కూడా మార్చుకోవలసి వచ్చింది. నా మాట తీరుగా ఉంటే అనుమానపడతారు. ముప్పై ఎనిమిదేళ్లు బడిపిల్లల నోట దిద్దిన మాటలన్నీ ఇప్పుడు నా నోట వస్తున్నాయి. "యాడికి పోతావు సామీ, ఈడ కూసో, ఇంకో ముద్ద తిను" అంటాను. నవ్వుతారు. నాకు ఎదురుగా ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో అది కూడా నా పుస్తకంలో లేదు.

సంతోషమ్మతో బాగా మాట్లాడతారు. నిన్న చారన్నం తింటూ, గొంతు తగ్గించి అడిగారు.

"టీచరమ్మ యాడుండాది?"

"బడికి పోయిండాది."

"వస్తే నేను లేనని చెప్పు."

"చెప్తాలే."

కాసేపు నమిలి, మళ్లీ, "ఆయమ్మకు మొగుడు ఉండాడా?" అన్నారు.

"ఉండాడు."

"మంచోడేనా?"

"శానా మంచోడు."

"అట్లయితే ఆయన్ని కొట్టదులే" అని నీళ్లు తాగారు. తర్వాత తలుపు గడియ పెట్టమన్నారు, ఆమె వస్తుందని. లేచి గడియ పెట్టి, వచ్చి ఆయన మంచం దగ్గర కింద కూర్చున్నాను. నిద్రపోయేదాకా నా కొంగు పట్టుకుని ఉన్నారు.

నువ్వు రా. తలుపు తీస్తాను. ఆయన గదిలో ఉన్నంతసేపు నన్ను అవ్వా అని పిలవొద్దు. సంతోషమ్మా అను. మీ అమ్మకు అలవాటు కావడానికి వారం పట్టింది, నువ్వు త్వరగా నేర్చుకుంటావు. నాకు ఒంట్లో బాగాలేక మంచాన పడితే, తువ్వాలు వంటింటి తలుపు వెనక మేకుకు ఉంటుంది.

ఇట్లు,
పంకజాక్షి